దుంపల వేపుడు కోసం టాటానగర్ ప్రయాణం

మనుషులు కాశీ వెళ్తారు, పూరీ వెళ్తారు, మోకాళ్ళు సహకరిస్తే కేదారం కూడా వెళ్తారు. నేను బంగాళాదుంపలు వేయించడానికి విజయనగరం నుంచి జంషెడ్‌పూర్ వెళ్ళాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత రైలు సంగతి చెబుతాను.

పిలిచింది మా అక్క సరోజిని. బావ అప్పలరాజు గూడ్సు రైళ్ళకి గార్డు. ఈ మధ్య గార్డు అనే మాట తీసేసి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు పెద్దదైంది కానీ రైలు చివరి డబ్బాలో ఒంటరిగా కూర్చునే ఉద్యోగం అదే. ఆ ఉద్యోగం నుంచి ఆయన రిటైరవుతున్నాడు. పెళ్ళయిన కొత్తల్లో అక్క దుంపల వేపుడు వడ్డిస్తే ఆయన ఒక మాట అన్నాడట. "బాగుంది గాని, రన్నింగ్ రూమ్ దుంపలు వేరు." ముప్పై ఏళ్ళుగా దుంపలు చేసినప్పుడల్లా అదే మాట అంటున్నాడు.

రన్నింగ్ రూమ్ అంటే డ్యూటీ మీద వేరే ఊరు చేరిన డ్రైవర్లూ గార్డులూ తిని పడుకోవడానికి రైల్వేవాళ్ళు కట్టిన చోటు. ఎవరి సరుకులు వాళ్ళు ఇస్తే అక్కడి వంటవాడు వండి పెడతాడు. బావ వెళ్ళే రన్నింగ్ రూమ్ ఏ ఊళ్ళో ఉందో రాయను, రాసి ఆ వంటవాడి ఉద్యోగం పోగొట్టడం నాకెందుకు. అతని దుంపల పైన కరకరలాడే పొర ఉంటుందట. నాలిక్కి ముందు కారం తగులుతుందట, వెనకాల తీపి, ఆ వెనక ఎక్కడో కొంచెం పులుపు.

"ఒసే సుందరీ," అంది అక్క ఫోన్లో, "ఇన్నాళ్ళూ అక్కడ సగం ఇక్కడ సగం తిన్నాడు. ఇకమీద మూడు పూటలా నా వంటే. ఆ 'గాని' మూడు పూటలా ఇనమంటావేటే? నావల్ల కాదు. నువ్వొచ్చి ఆ దుంపలేవో సేసి పెట్టు. ఆ మనిషి నోరు ముయ్యాల."

నన్నే ఎందుకు పిలిచిందంటే, మా ఊరి మహిళామండలి వంటల పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. అప్పటినుంచి నన్నే న్యాయనిర్ణేతగా కూర్చోబెడుతున్నారు. నా సంగతి నేనే చెప్పుకోవడం బాగుండదు కానీ, ఇంకెవరూ చెప్పడం లేదు.

సాయంత్రం విజయనగరంలో రైలెక్కాను. టికెట్టు నెల ముందే తీసుకోండి, లేకపోతే వెయిటింగ్ లిస్టు చూసుకుంటూ బీపీ పెంచుకోవాలి. రాత్రి భోజనానికి పెరుగన్నం కట్టుకెళ్ళండి. రైల్లో బిర్యానీ పేరుతో అమ్మేది పసుపన్నం. ఎదురు బెర్తు మీద పలాసవైపు మనిషి, జంషెడ్‌పూర్‌లో కాంట్రాక్టు వెల్డరుట.

"పెల్లికా అమ్మా ఎల్తన్నారు?" అని అడిగాడు.

"కాదు, దుంపలు వేయించడానికి."

కాసేపు ఆలోచించి తన సంచీని కొంచెం అటు జరుపుకున్నాడు. "అక్కడ కూడా దుంపలు దొరుకుతాయి కదమ్మా," అన్నాడు మెల్లగా. ఆ తర్వాత దుప్పటి ముసుగు పెట్టి అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఏడు దాటాక టాటానగర్‌లో దిగాను, జంషెడ్‌పూర్ స్టేషన్ పేరు అదే. స్టేషన్ నుంచి అక్కవాళ్ళుండే బర్మామైన్స్ దగ్గరే. ఉత్త చేతులతో అయితే నడిచి వెళ్ళొచ్చు. నా దగ్గర సూట్‌కేసుతో పాటు అనకాపల్లి బెల్లం దిమ్మ, చింతపండు, ఎండుమిరపకాయల మూట ఉన్నాయి కనక ఆటో ఎక్కాను. ఆటో అబ్బాయి బెల్లం వాసన పట్టి, దిగేటప్పుడు ఒక ముక్క అడిగి మరీ తీసుకున్నాడు. కిరాయి మాత్రం తగ్గించలేదు.

అక్క ఇల్లు ఇరుకు సందులో ఉంది. ఇల్లెలా ఉన్నా వంటగది వేరు. ఆమె ఇనప మూకుడులో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. ఇది మా అమ్మ పెంపకం. ఒక కూర వండిన గిన్నెలో కడగకుండా ఇంకో కూర వండితే అమ్మ ఆ పూట భోజనం మానేసేది. అక్క అమ్మని మించిపోయింది. పోపు మాడకపోయినా, పెట్టింది అప్పడమే అయినా, మూకుడు దింపగానే కొబ్బరి పీచూ పొడీ పట్టుకుని కూర్చుంటుంది. అక్క అరచేతులు తడిమి చూస్తే గరుగ్గా ఉంటాయి.

అక్క కొడుకు కిరణ్ స్కూటరు మీద నన్ను గోల్‌మురి మార్కెట్టుకి తీసుకెళ్ళాడు. తెలుగులో ఏం అడిగినా హిందీలోనే జవాబిస్తాడు. దారిలో, "మౌసీ, వీడియో దేఖ్ లో నా," అని, వంట వీడియో చూసి నేర్చుకోమని నాకే సలహా చెప్పాడు. బహుమతి గెలిచినదానికి. గోలీకాయకన్నా కొంచెం పెద్ద దుంపలు ఏరి తెచ్చాను. శీతల గిడ్డంగి దుంపలు కొనకండి, అవి తమ సొంత తీపితో తొందరగా నల్లబడతాయి.

మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. దుంపలు ముప్పావు వంతు ఉడికించి, తొక్క తీసి, ఫోర్కుతో అక్కడక్కడ పొడిచి, సన్నటి మంట మీద గోధుమ రంగు పొర కట్టేదాకా వేయించాను. ఉప్పు, కారం, వేయించిన జీలకర్రపొడి వేసి, చివర్లో మాత్రమే చింతపండు పులుసులో కరిగించిన బెల్లం తిప్పాను. బెల్లం ముందు వేస్తే మాడి చేదెక్కుతుంది. ఇంతవరకూ మీరు రాసుకోవచ్చు, ఇందులో తప్పేమీ లేదు.

బావ పప్పన్నంలో నంజుకుని కళ్ళు మూసుకున్నాడు. అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది.

"బాగుంది మరదలా," అన్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచాడు. "గాని."

రెండోసారి ఖర్జూరం నూరి వేశాను. "దగ్గరికొచ్చింది గాని." మూడోసారి బెల్లం తగ్గించి ఆమ్‌చూర్, అంటే ఎండు మామిడికాయ పొడి వేశాను. "ఇది కూడా ఒక రకం బాగుంది గాని." పోటీలకి తీర్పు చెప్పే నేను, గూడ్సు బండికి పచ్చజెండా ఊపే మనిషి ముందు ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రం ఆయన ఆఖరి డ్యూటీకి తెల్ల యూనిఫారం వేసుకుని బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ, "రేపు మా రన్నింగ్ రూమ్ వంటమనిషి మహతోని కూడా బోజనానికి పిలిసేను. అతన్నే అడుగుదురు గాని," అన్నాడు. ఆఖరికి అందులోనూ గాని ఉంది.

అక్క మూకుడు తోముతూ అంది. "నా కూర బాగోలేదని ఒక్కసారి తిట్టినా బాగుండేదే. తిట్టడు. బాగుందంటాడు, ఆ తరవాత ఇంకెవుడి పేరో సెప్తాడు. నేను ముప్పై ఏళ్ళబట్టి ఒక మగోడితో పోటీ పడతన్నానే, ఆడి మొకం కూడా నాకు తెల్దు." ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, అయినా నవ్వకుండా పక్కనున్న గిన్నె అందుకుని నేనూ తోమడం మొదలుపెట్టాను.

మర్నాడు మూడున్నరకి బావ ఆఖరి గూడ్సు యార్డులోకి వచ్చింది. తోటి గార్డులు డోలు, బంతిపూల దండలు పట్టుకుని చివరి డబ్బా దగ్గర నిలబడ్డారు. ఎంత ఊరేగించినా గూడ్సు గార్డుని బొగ్గు వ్యాగన్ల పక్కనే ఊరేగించాలి. డోలు మోగింది. బావ దిగి, పెట్టె కింద పెట్టి, కాసేపు ఆ డబ్బా గుమ్మాన్ని పట్టుకుని వదల్లేదు. అప్పుడు మాత్రం నేను జోకులు ఆపాను.

అయిదింటికి ఇంటి ముందు షామియానా కింద జనం చేరారు. మహతో అప్పటికే పాసింజరు రైల్లో వచ్చి కుర్చీలో ఉన్నాడు. పెద్ద మీసం, దానికి తగిన పొట్ట, ఎవరు పొగిడినా వద్దనని స్వభావం. అతను కూర్చున్న దగ్గర్నుంచి తన చేతి మహత్యం తనే చెప్పుకుంటున్నాడు. నాకు పోటీ అక్కడే కనబడింది.

అక్క ఊరుకోలేదు. గ్యాస్ పొయ్యి వీధిలోకి తెప్పించి, మెరిసే మూకుడు దాని మీద పెట్టి, ఉడికించి తొక్క తీసిన దుంపలు అతని ముందు పెట్టింది. హిందీలో, "భయ్యా, అక్కడెలా చేస్తారో ఇక్కడ అలాగే చెయ్యండి," అంది. జనం చుట్టూ చేరారు. మహతో చేతులు తిప్పుకుంటూ నూనె పోసి, దుంపలు వేయించి, ఉప్పూ కారం చల్లి దింపేశాడు. అంతే. బెల్లం లేదు, చింతపండు లేదు, ఖర్జూరం అసలే లేదు.

బావ ఒకటి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకోటి వేసుకున్నాడు.

"ఇవి కావు," అన్నాడు.

మహతో కూడా రుచి చూశాడు, అతని ముఖం పడిపోయింది. దుంపల్ని చూశాడు, నూనె సీసాని చూశాడు. మూకుడులోకి వంగి చూసి ఒక్కసారిగా నవ్వాడు.

"దీదీ, బర్తన్ బహుత్ సాఫ్ హై."

గిన్నె మరీ శుభ్రంగా ఉందట. తర్వాత తీరిగ్గా చెప్పాడు. రన్నింగ్ రూమ్‌లో అందరి సరుకులూ ఒక్కడే వండాలి. ఒరియా డ్రైవర్లలో ఎవరో ఒకరు ఖట్టా చేయించుకోని రోజుండదు. ఖట్టా అంటే టమాటా, బెల్లం, ఖర్జూరం, అల్లం, ఎండుమిర్చి వేసి ఉడికించే తీపి పచ్చడి. అది వడ్డించాక అడుగంటింది మూకుడుకే ఉండిపోతుంది. ఆ వెంటనే గార్డు సాబ్ దుంపల వంతు. "ధోనే కా టైమ్ కహాఁ హై?" కడిగే తీరికెక్కడిదని మమ్మల్నే అడిగాడు. ఏ వెధవ పనైనా ఒప్పుకోవడంలో అంత దర్జా నేనెక్కడా చూడలేదు.

జనం విరగబడి నవ్వారు. తోటి గార్డు ఒకాయన బావ వీపు మీద చరిచి, "ముప్పై ఏళ్ళూ ఒరియావోల ఎంగిలి మూకుడు నాకేవురా," అన్నాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి.

అక్క ఒక్కతే నవ్వలేదు. రెండు అరచేతులూ బావ ముందు చాపింది.

"సూడండి. తోమి తోమి ఇలగయిపోయేయి. తోమకపోతే బాగుంటాదన్నమాట మీకు."

ఆ పూట లడ్డూలు కూడా బావకి రుచించినట్టు లేదు, నాకైతే తృప్తిగానే ఉంది.

మూడో రోజు పొద్దున్న అక్క స్నానం చేసి వచ్చి టమాటాలు తరిగింది. నా అనకాపల్లి బెల్లం అప్పటికి పనికొచ్చింది. ఖట్టా చేసి గిన్నెలోకి తీసింది. అడుగున ఎర్రగా, జిగటగా మిగిలిన మూకుడుని చూస్తూ నిలబడింది. చెయ్యి దానంతటదే పీచు వైపు వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. మళ్ళీ వెళ్ళింది.

"నావల్ల కాదే. నువ్వెయ్యి," అని గోడవైపు తిరిగింది.

నేను దుంపలు వేశాను. అడుగంటినదంతా నూనెలో వదిలి దుంపలకి పట్టుకుంది, పొర నిగనిగలాడింది. ఒకటి తిన్నాను. ముందు కారం, వెనకాల తీపి, ఆ వెనక పులుపు. మహిళామండలి బహుమతి నేను తిరిగి ఇవ్వను కానీ, కాసేపు దాని ప్రసక్తి తేలేదు.

అక్కే వడ్డించింది. బావ తిన్నాడు, రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

"బాగుంది," అన్నాడు.

అక్క గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది. "గాని?"

"గానీ లేదు, ఏటీ లేదు."

అక్క మూకుడు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆ రోజు తోముడు మామూలుకన్నా చాలాసేపు వినబడింది.

సాయంత్రం బావే నన్ను స్కూటరు మీద స్టేషన్‌కి తీసుకొచ్చాడు. రైలు ఆలస్యం, ఆ సంగతి మీరు లెక్కలో వేసుకునే బయల్దేరండి. బెంచీ మీద కూర్చున్నాం. వెళ్తున్న గూడ్సు ఒకదాన్ని చివరి డబ్బా దాటేదాకా చూసి అన్నాడు.

"మరదలా, ఆ దుంపలు ఏడాదికి ఏ నాలుగు సార్లో బాగుండేవి. మిగతా రోజుల్లో మాడిపోయినవే. ఒకోపాలి బండి దారిలో ఆగిపోయి, రన్నింగ్ రూమ్ సేరేసరికి ఏటీ మిగిలేది కాదు. బిస్కట్లు తిని తొంగునేవోణ్ణి."

"మరి ఆ పొగడ్త ఏమిటి బావా?"

"పెల్లయిన కొత్తల్లో మీ అక్క నేను డ్యూటీకెల్తే అన్నం తినేది కాదు. నేను తిన్ననో నేదోనని. అప్పుడు ఫోన్లేవి? అందుకని అక్కడ బెమ్మాండంగా పెడతారని సెప్పేను. దుంపలైతే మరీను అన్నాను. నమ్మింది, తినడం మొదలెట్టింది. ఆ తరవాత నాకూ అలవాటైపోనాది." నావైపు తిరిగి, "దానికి సెప్పకు," అన్నాడు.

ఇది నిజమో, పరువు పోయాక అల్లిన కథో నాకు ఇప్పటికీ తెలీదు. నిజమే అయితే మా బావ అంత తెలివితక్కువ మనిషి రైల్వేలో ఇంకొకడు ఉండడు. పెళ్ళాం దిగులు పడకూడదని ఆమెని ముప్పై ఏళ్ళు ఉడికించాడు. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. తల ఊపాడు. రైలు వచ్చింది, నా సంచీ ఎక్కించాడు, కిటికీలోంచి దుంపల డబ్బా అందించాడు.

తిరుగు ప్రయాణంలో ఆ డబ్బా భువనేశ్వర్ రాకముందే ఖాళీ అయింది. జంషెడ్‌పూర్‌లో చూడవలసినవి చాలా ఉన్నాయంటారు, పార్కులూ చెరువులూ కొండా. నేనొక వంటగది, ఒక యార్డు, ఒక మూకుడు చూసి వచ్చాను. ఆ రెండు రాత్రుల రైలుకీ నాకు చింత లేదు.

అక్కకి చెప్పనని బావకి మాట ఇచ్చాను, ఫోన్లో ఇంతవరకూ ఒక్క ముక్క చెప్పలేదు. పత్రికలో రాయొద్దని మాత్రం ఆయన అనలేదు. ఈ పత్రిక నెలనెలా బర్మామైన్స్ ఇంటికి పోస్టులో వెళ్తుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక, గిన్నెలు తోమడం కూడా అయ్యాక, అక్క మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతుంది. అక్కా, ఇక్కడిదాకా వచ్చావు కదా. బావ పక్క గదిలోనే ఉంటాడు, వెళ్ళి అడుగు.