డీలియా సగం తలుపు

"వాళ్ళు నా కోసం ఆగరు, పిల్లా. చూస్తూ ఉండు."

కారు వెనక సీట్లో నా కూతురు ఎత్నా పక్కన కూర్చుని, డీలియా హెహిర్ దారి పొడుగునా ఇదే మాట అంటోంది. కారు పైన తాళ్ళతో కట్టి ఉన్నది ఆవిడ వంటింటి తలుపులో కింది సగం. పూర్వం ఇళ్ళలో నాట్యం జరిగితే దాన్ని ఊడదీసి, మట్టినేల మీద పరిచి ఆడేవారు. చెక్క మీద అడుగు బాగా మోగుతుంది. డెబ్బై దాటిన డీలియా ఇప్పటికీ దానిమీదే ఆడుతుంది.

ఆవిడది మా పక్కిల్లే. నేను నీటి పరీక్షల ల్యాబ్‌కి వెళ్తే ఎత్నాని చూసుకునేది ఆవిడే. ఎత్నాకి ఇంకా సరిగ్గా నడక రాలేదు. ఏ నెల వయసుకి పిల్లలు ఎన్ని అడుగులు వెయ్యాలో నా ఫోన్ చెబుతూ ఉంటుంది, నాకు దిగులు పెరుగుతూ ఉంటుంది.

ఎన్నిస్ పట్టణంలో ఆ ఆదివారం మధ్యాహ్నం మా పాత ఐరిష్ నాట్య బాణీలని పెద్ద ఆర్కెస్ట్రా వాయిస్తోంది. ఒక బాణీకి డీలియాని ఆడమన్నారు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఎడమవైపు తిరిగేటప్పుడు ఆవిడకి కాస్త ఆలస్యమవుతుంది. ఊరందరి ముందు వెనకబడితే తలుపుని మళ్ళీ బందులకి బిగించేసి, ఇక ఆడనని చెప్పేసింది.

హాల్లో మైకులవాడు తలుపు కిందకి ఏదో తోస్తున్నాడు.

"ఏం దాస్తున్నావు అక్కడ?" అంది డీలియా.

"మైకండీ."

"అది విన్నదంతా ఎవరికి చెబుతుంది?"

"హాల్లో అందరికీ."

"అదే నా అనుమానం."

రిహార్సల్ మొదలైంది. వాయించేవాళ్ళ కళ్ళు కాగితాల మీద, ఆర్కెస్ట్రాని నడిపించే రూరీ చేతిలోని సన్నపుల్ల మీద. రూరీ కళ్ళు వాళ్ళ మీద, వీపు డీలియా వైపు. ఎడమ మలుపులో ఆవిడ వెనకబడి, ఆగిపోయింది. సంగీతం మరికొంత దూరం వెళ్ళి, తలోచోటా ఆగింది.

"ఏమైంది, మిసెస్ హెహిర్?"

"డీలియా అను. మిసెస్ హెహిర్ మా అత్తగారు. ఇంతమంది ఉన్నారు కదా బాబూ, నా కాళ్ళని ఎవరు చూస్తున్నారు?"

"వేగం నేను చూసుకుంటాను."

"మా ఇంట్లో ఫిడేలు పట్టినవాడు ఆడేవాళ్ళ కాళ్ళు చూసే వాయించేవాడు. చూడనివాడికి టీ కూడా దక్కేది కాదు."

రూరీ కాసేపు ఆ పుల్లతో పిక్కకేసి కొట్టుకున్నాడు. తర్వాత తనే వచ్చి, మైకులవాడితో కలిసి తలుపుని తన ఎదురుగా జరిపాడు.

"ఆట మొదలయ్యాక మరిచిపోతాడు," అంది డీలియా నా చెవిలో.

నాకూ అదే అనుమానం. హాలు నిండి అసలు ప్రదర్శన మొదలయ్యాక, ఎత్నా చెవులు రెండు చేతులతో మూసి, రూరీనే చూస్తూ కూర్చున్నాను. ఈసారి అతను ఆవిడ వైపు తిరిగి నిలబడ్డాడు. చెయ్యి ఆర్కెస్ట్రాకి, చూపు ఆవిడ బూట్లకి. ఎడమ మలుపు వచ్చింది. మోకాలు ఆలస్యం చేసింది. అతని చెయ్యి గాలిలోనే నిలిచింది, ఫిడేళ్ళన్నీ దానితోపాటు నిలిచాయి. ఆవిడ మడమ చెక్కని తాకాకే చెయ్యి కిందకి దిగింది. వెనక వరసలోంచి ఎవరో "భళా డీలియా" అన్నారు. సంగీతం ఆగిందని చూసేవాళ్ళెవరికీ తెలియలేదు.

"ఆగారుగా," అన్నాను, బయట తలుపుని కారు మీదకి ఎక్కిస్తూ.

"ఇవాళ ఆగారు," అంది, తన ఫ్లాస్కు మూత తీసి, టీ ఇంకా బాగుందో లేదో వాసన చూస్తూ.

అప్పుడు ఎత్నాని చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి నడిపించబోయాను. బూటు ముక్కులు నేలకి రాసుకుంటూ నా వెనక ఈడ్చుకొస్తోంది. డీలియా చూసి అన్న మాటే ఇప్పుడు నేను పాటిస్తున్నాను:

"లాగకు, పిల్లా. ఎదురుగా నిలబడి దాని కాళ్ళు చూడు. అది అడుగు వేశాకే నువ్వు వెయ్యి."