తెర వెనక గుంజీళ్లు

మా సినిమా క్లబ్బు పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు నేను మాత్రం నవ్వలేదు. నా కాళ్లు రెండింటినీ చివరిసారిగా చూసుకుంటున్నాననుకున్నాను.

ఇంట్లో కూర్చుని ఫోన్లో సినిమా చూసే రోజులు కావవి. మా కార్వాన్ బస్తీలో నేనూ, నా దోస్తు యూసుఫూ ఎక్కడో పాత సామాన్లలో ఒక చిన్న ప్రొజెక్టర్ సంపాదించి, ఆదివారం మధ్యాహ్నాలు అందరికీ సినిమాలు చూపించేవాళ్లం. మా హాలు దేవయ్య పహిల్వాన్ ఖాళీ బర్రెల కొట్టం. ఊరికే ఇచ్చాడు. ఎంత మంచివాడో అంత లావు చేతులవాడు.

కొన్నాళ్లకు ఆడవాళ్లు తమకూ ఒక ఆట వేయమన్నారు. పర్దా పాటించే ఇళ్లవాళ్లూ, పహిల్వాన్ తల్లి మల్లమ్మవ్వా అంతా ఒకే జట్టు. పహిల్వాన్ నన్ను పిలిచాడు.

"లేడీస్ షోల మొగోని నీడ గూడ కనవడొద్దు. కనవడిందా, కొట్టం బంద్. నీ కాళ్లు గూడ బంద్."

"మరి మిషన్ ఎవరు నడిపిస్తరే అన్నా?"

"తెర ఎనక కూసోని నువ్వే నడిపియ్. బయట గొళ్లెం నేను వెడ్త."

అలా తెల్ల దుప్పటి తెరకు అటు ఆడవాళ్లు, ఇటు నేను. బొమ్మ వెనక నుంచి పడుతోంది గనక హీరో ఎడమచేత్తో అన్నం తిన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా హీరో తల్లి ప్రాణం పోతుండగా రీలు పుటుక్కున తెగింది.

మిషన్ ఆపి గోడ మీద బల్బు వేశాను. అసలే మే నెల, చొక్కా ఎప్పుడో విప్పేశాను. లుంగీ ఎగగట్టి, తెరకు వీపు పెట్టి, బల్బుకు ఎదురుగా కూర్చుని తెగిన కొసను పళ్లతో పట్టుకున్నాను. తెర అవతల కిసుక్కుమన్నారు. రీలు జారి దొర్లింది. లాగితే మెడకు చుట్టుకుంది. అవతల ఘొల్లుమన్నారు. తల్లి చచ్చిపోతుంటే నవ్వుతున్నారంటే, అది నా పనితనం మీద నవ్వే.

తలుపు సందులోంచి యూసుఫ్ గొంతు వినిపించింది. "భాయ్, లోపట ఏం జేస్తున్నవ్? ఆడోళ్లు గట్ల నవ్వుతుంటే పహిల్వాన్ కట్టె తీస్కుండు."

"నీ కాల్మొక్త యూసుఫ్, రీల్ తెగిందని చెప్పు."

"చెప్పిన. నమ్ముతలేడు. గిటే వస్తుండు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నాకు కడుక్కోవడానికి కాలు మిగిలేలా లేదు. పహిల్వాన్‌ను ఎలా బతిమాలాలో రిహార్సల్ మొదలుపెట్టాను. దణ్ణం పెట్టాను. చెవులు పట్టుకుని గుంజీళ్లు తీశాను. ఒక్కో గుంజీకి అవతల నవ్వు రెట్టింపయింది, చివరికి చప్పట్లు కూడా పడ్డాయి.

గొళ్లెం చప్పుడయింది. పహిల్వాన్ కట్టెతో లోపలికొచ్చాడు. మెడలో రీలుతోనే ఆయన కాళ్ల మీద పడ్డాను.

"మొగోని నీడ గూడ కనవడొద్దంటి గద," అన్నాడు.

"కనవడలేదన్నా. నేను తెర ఎనకకెల్లి కదల్లే."

ఆయన నా తల పట్టి వెనక్కి తిప్పాడు.

తెర నిండా నీడలే. తాటిచెట్టంత పహిల్వాన్, ఆయన కాళ్ల దగ్గర నేను, నా మెడలో రీలు. బస్తీ ఆడవాళ్లంతా ఇంతసేపూ చూసిన సినిమా నేనేనన్నమాట. కొట్టం పోయింది, కాళ్లు కూడా పోయాయనుకున్నాను. కట్టె పైకి లేచింది. కళ్లు మూసుకున్నాను.

తెర అవతలి నుంచి మల్లమ్మవ్వ పిలిచింది. "ఒరే దేవిగా, జర పక్కకు జరుగు. ఆ పోరడు కనవడ్తలేడు."

పహిల్వాన్ తల్లి మాట జవదాటడు. కట్టె దించి, బుద్ధిగా పక్కకు జరిగాడు.

"ఇంకేం జూస్తున్నవ్‌రా," అన్నాడు మెల్లగా. "తియ్యి గుంజీలు. అమ్మ జూస్తున్నది."

కనుక కార్వాన్ బర్రెలన్నింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి కాళ్ల మీద పడాల్సి వచ్చినా, ముందు లైటు ఆర్పి గానీ పడను.