అన్నకొకటి, హాలుకొకటి

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో మా అన్న గిటారు విని జనం మెచ్చుకున్న ఆ ధ్వని అన్న పెట్టుకున్నది కాదు, నేను పెట్టింది. నిన్న బీరువా పైన దుమ్ము దులుపుతుంటే గిటారు ధ్వనిని మార్చే అన్న ఎఫెక్ట్స్ పెడల్ చేతికి తగిలింది. వైరు పెట్టి చూస్తే, ఇన్నేళ్ల తర్వాత కూడా దాని చిన్న తెర మీద నేను పెట్టిన పేర్లు ఎర్రగా వెలిగాయి.

మా ఊరి పక్కకు విమానాశ్రయం వచ్చిన కొత్తలో, విమానాల్లోకి సామాన్లు ఎక్కించే పని అన్నకు దొరికింది. చెవులకు పెట్టుకొమ్మని ఇచ్చిన మూతలను, తోటివాళ్ల ముచ్చట్లు వినపడవని మెడలోకి జార్చుకుని ఇంజన్ల హోరులోనే తిరిగేవాడు. సెలవు దొరికితే పెళ్లిళ్ల బ్యాండులో గిటారు. డీజే పెట్టెలు ఊరేగక ముందు, పెళ్లిలో పాటంటే మనుషులు వాయించేదే అని మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎంత పదును, ఎంత ప్రతిధ్వని అని మీటలు తిప్పి, పాటకు తగ్గ ధ్వని కుదిర్చి, పేరు పెట్టి పెడల్‌లో దాచుకుంటే అదే ప్రీసెట్. పాట మారగానే కాలితో నొక్కితే చాలు. నలుగురిలో నోరు విప్పలేని నేను, చదువుతున్న పుస్తకం మూసి మరీ అన్న పక్కన చేరి వాటికి పేర్లు పెట్టేదాన్ని. వాన, వెదురు, ఇత్తడి.

కొన్నాళ్లకు అన్న ప్రతి ప్రీసెట్‌లోనూ ట్రెబుల్, అంటే ఆ పదును, పెంచడం మొదలుపెట్టాడు. సన్నటి స్వరాలు వాడికి వినపడటం లేదని మాకు అర్థమయ్యేలోపే, బ్యాండు పెద్దాయన ఒక పెళ్లిలో అందరి ముందూ అననే అన్నాడు: "జర తగ్గియ్యి తమ్మీ, బువ్వ తినెటోళ్లు విస్తరి ఇడిసి చెవులు పట్టుకున్నరు."

పోయిన వినికిడి తిరిగి రాదని దవాఖానలో చెప్పారు. అది తెలిస్తే బ్యాండులో చోటు పోతుంది. అన్నకు ఆ చోటు తప్ప వేరే సంతోషం లేదు. అందుకని పాటకు రెండేసి ప్రీసెట్లు చేశాను: ఇంట్లో హెడ్‌ఫోన్లతో సాధన చేసుకోవడానికి అన్నకొకటి, జనం కోసం హాలుకొకటి. తనకు సగమే వినపడే ధ్వనిని అన్న నా మీద నమ్మకంతో వాయించేవాడు. ఆడవాళ్ల వరుసలో చివరన కూర్చున్న నేను, పదును ఎక్కువైతే చున్నీ తలమీదికి లాక్కునేదాన్ని. వాడు చూసి తగ్గించేవాడు.

ఇల్లు గడవాలి కనుక పని మానలేదు. చెవిమూతలు సరిగ్గా పెట్టుకోవడం అలవాటయ్యేసరికే ఆలస్యమైంది. హాలు ప్రీసెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, అన్నవి మాత్రం పెరిగి పెరిగి ట్రెబుల్ చివరి అంకెకు చేరాయి. ఆ పైన అంకె లేదు.

ఇప్పుడు మా ఇంటి మీదుగా విమానాలు మరీ కిందుగా పోతున్నాయి. వాకిట్లో కూర్చున్న అన్న వాటి నీడ మీద పడితేనే తలెత్తుతాడు. గిటారు మా ఇంట్లో లేదు. ఆఖరిసారి సాధనకు కూర్చున్న సాయంత్రం 'వాన' వాయిస్తూ వాయిస్తూ ఆగి, హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టి, మళ్లీ మొదటి నుంచి వాయించాడు. పాటల గురించి అన్న నాతో అన్న చివరి మాట అప్పటిదే.

"మంచిగుందా చెల్లె? నువ్వే చెప్పు. నాకు ఇగ తెలుస్తలేదు."