తొమ్మిది విస్తళ్లు

నలభై ఐదు గారెలు, ముప్పై ఆరు కోడిముక్కలు, ఇరవై ఏడు బూరెలు, ఒక గిన్నెడు పులిహోర, ఒక ఆడపిల్ల ఇచ్చిన మాట. పోయినవి ఇవీ. ఇరవై రెండేళ్లుగా నా బుర్రలో ఉన్న ఈ జాబితాను నా చేత కాగితం మీద పెట్టించినవాడు మా బావే, మా అక్క మొగుడు. పోయిన వారం సాలూరులో ఆయన షష్టిపూర్తి. మూడు వందల మంది ముందు మైకు పట్టుకుని, "నా గుమ్మం తొక్కినోళ్లు ఆకలితో తిరిగెల్లిన రోజు నేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు.

అరవైల చివర మాట. మా అక్క కూతురికి పదిహేనేళ్లు. స్కూలు చదువు అయిపోయింది, ఇక నేస్తాలందరూ ఒక్కచోట కూర్చునే రోజు రాదని, ఎనిమిది మందిని భోజనానికి పిలుస్తానంది. మగవాళ్లు పిలిచే విందులే తప్ప ఆడపిల్ల పిలిచే విందును మా అక్క ఎరగదు. వారం రోజులు సణిగి, నేను దగ్గరుండి చూసుకుంటానంటే సరేనంది. పిల్ల ఎనిమిది ఇళ్లకూ స్వయంగా వెళ్లి, దీపాలు పెట్టే వేళకు కడుపు నింపి పంపిస్తానని పెద్దవాళ్లకు మాటిచ్చి వచ్చింది.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని. బావ లారీల్లోకి ఎక్కే బస్తాలు లెక్కపెడుతూ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. వీధిలో ఎవరింట పెళ్లయినా సరుకుల చీటీ నాదే. నా చీటీతో వండితే విస్తట్లో తక్కువ కాదు, గిన్నెలో మిగలదు. దానికి నాకెంత గర్వమో. అందరూ వచ్చేపోయేవాళ్ల కోసం రెండు గుప్పిళ్లు ఎక్కువేస్తారు. అది లెక్క రానివాళ్ల పని అనేవాణ్ని. ఆ పిల్ల కూడా పప్పు నానబోసేటప్పుడు, "మావా, ఇంకో గుప్పిడెయ్యనా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. మనిషికి ఐదు గారెలు, నాలుగు ముక్కలు, మూడు బూరెలు. తొమ్మిది మందికి సరి.

మినప్పప్పు తనే రుబ్బింది. అడ్డాకులు తెప్పించి తొమ్మిది విస్తళ్లు తనే కుట్టింది. నాలుగున్నరకు పిల్లలొచ్చారు. పెరట్లో చాప మీద చేరి ఒకటే నవ్వులు. ఐదున్నరకు వడ్డిద్దామని గారెలు తీస్తుండగా వీధిలో లారీ ఆగింది. బావ, ఆయన వెనక రాయగడ వర్తకులు ఐదుగురు.

"ఒరే, ఆకులెయ్యరా. ఈళ్లు బేగి ఎల్లాల," అన్నాడు బావ.

"బావా, అది పిల్లలకి లెక్కగా సేసినది."

"ఆడపిల్లలకేటిరా, ఇంకో వాయి వండుకుంతారు."

ఇంటికొచ్చిన మగవాళ్లు భోంచేయకుండా ఆడవాళ్లు విస్తరి ముందు కూర్చోకూడదు. ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. మా అక్క కళ్లు దించుకుని పిల్ల కుట్టిన విస్తళ్లలోంచి ఆరు తీసి నా చేతికిచ్చింది. నేను పరిచాను. ఇరవై ఆరేళ్ల మగవాణ్ని, నోరున్నవాణ్ని, పరిచాను.

గిన్నె ఖాళీ అయి నేను వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఒకటే అడిగేది: "మావా, గారెలింకెన్నున్నాయి?" ముప్పై ఒకటి అన్నాను. తర్వాత పద్దెనిమిది. తర్వాత ఏడు. ఆ తర్వాత తను అడగలేదు. ఉత్త గిన్నె అందుకుని లోపల పెట్టేసింది. బయట వర్తకులు గారెలు దూదిలా ఉన్నాయని మెచ్చుకుంటూ, ఇంటి యజమాని చెయ్యి పెద్దదని బావను పొగుడుతున్నారు. బావ వినయంగా తలూపాడు.

ఇంకో వాయి అన్నాడే, మినప్పప్పు నానడానికే నాలుగు గంటలు. కనీసం అత్తెసరు అన్నమైనా పడేద్దామనుకునేలోగా పిల్లల తండ్రులు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నవ్వులు ఎప్పుడాగిపోయాయో తెలియదు. వెళ్తూ వెళ్తూ ఒకమ్మాయి మా పిల్ల భుజం తట్టి, "మాకు ఆకలిగా నేదే, నిజింగా," అంది. ఎనిమిది మందీ మంచినీళ్లు తాగి వెళ్లారు. మిగిలిన మూడు విస్తళ్లూ ఆ పిల్ల మడతపెట్టి పొయ్యిలో పెట్టింది. పెళ్లై అత్తవారింటికి వెళ్లేదాకా పుట్టింటికి మళ్లీ ఎవరినీ భోజనానికి పిలవలేదు.

షష్టిపూర్తి పందిట్లో నేను లేచి నిలబడబోయాను. వెనక నుంచి ఎవరో భుజం నొక్కి కూర్చోబెట్టారు. మా అక్క కూతురే, వడ్డన గరిటె చేతిలో ఉంది. "ఊరుకో మావా. నువ్వు మర్సిపోనేదు, నాకదే సాలు," అంది. ఆమెకు చాలునేమో. నాకు చాలలేదు. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు ఆ పందిట్లోనే ఉన్నారు, నా కళ్లముందే తృప్తిగా తిన్నారు. తొమ్మిదిలోంచి ఆ మూడూ తీసివేద్దామని చూశాను, కుదరలేదు. పదిహేనేళ్ల ఆకలికి ముప్పై ఏడేళ్ల వయసులో పెట్టిన అన్నం చెల్లు కాదు. కాలం ఎన్నో కొట్టేస్తుంది గాని, ఈ అంకె జోలికి రాలేదు. ఆనాటికి తొమ్మిది విస్తళ్లు, నేటికీ తొమ్మిదే.