మ్యాచింగ్ సెంటర్‌లోకి కారిన వెలుగు

కోదాడలో ఒక మ్యాచింగ్ సెంటర్‌కు నేను బిగించిన ఎల్ఈడీ బోర్డు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. బోర్డు మీద కాదు, నా మీద.

సూర్యాపేటలో నాది బోర్డుల పని. కుర్రతనంలో కుంచె పట్టి గోడల మీద అక్షరాలు రాసేవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాయి. ఏడుస్తూ కూర్చోకుండా ఎల్ఈడీలలోకి దిగాను. రెండు వేల పదమూడు ఎండాకాలంలో కొత్త రకం వచ్చింది. దుకాణం ముందు అద్దానికి లోపలి వైపు సన్నటి లైట్ల పట్టీలు వరుసగా వేలాడదీస్తాం. పట్టీకీ పట్టీకీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి బయటివాళ్లకు అద్దం మీద అక్షరాలు పరుగెత్తుతాయి, లోపలివాళ్లకు రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. ఆ చుట్టుపక్కల దాన్ని మొదట బిగించింది నేనే అని నాకు మహా పొగరు.

మ్యాచింగ్ సెంటర్ నడిపే ఆమెను అక్కా అని పిలిచేవాణ్ని. చుట్టరికం లేదు, పిలుపుతోనే కలుపుకున్న వరస. చీర బల్ల మీద పరిస్తే చాలు, గోడ నిండా పేర్చిన తానుల్లోంచి ఒక్కటంటే ఒక్కటి లాగేది. అదే కలిసేది. ఉల్లిపొట్టు రంగుకూ గంధం రంగుకూ మధ్య ఇంకో నాలుగు రంగులున్నాయని ఆమె చెబితేనే నాకు తెలిసింది. మఠంపల్లి నుంచి, నడిగూడెం నుంచి పెళ్లి చీరలు మూటగట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ చూపే ఆమె దుకాణం. మిగతాదంతా గుడ్డ.

బోర్డు పెట్టిన పదిహేను రోజులకు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నీ బోర్డు పెట్టినకాడి నుంచి రంగులు తేడా కొడుతున్నయ్. జర వచ్చి సూడు."

మర్నాడు పొద్దున దుకాణం తెరిచే వేళకు వెళ్లాను. ఎండ దంచుతోంది, లోపల ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. బల్ల మీద తెల్ల లైనింగ్ గుడ్డ పరిచి బోర్డు వేశాను. ఎర్ర అక్షరాలు పోయాయి, నీలం అక్షరాలు వచ్చాయి, గుడ్డ తెల్లగానే ఉంది. ఏం లేదని చెప్పి మధ్యాహ్నానికల్లా సూర్యాపేటలో ఉన్నాను. వారానికి మళ్లీ ఫోన్. మళ్లీ పొద్దున్నే వెళ్లాను, మళ్లీ ఏం లేదు.

"పొద్దుగూకిందాకా ఉండి సూడరాదు?" అంది.

"లైటు ఎప్పుడైనా లైటే గదక్కా" అన్నాను. నాకు అవతల పనులున్నాయి.

మూడోసారి ఫోన్ చేసినప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర నిచ్చెన మీద ఉన్నాను. ఊక దుమ్ము, చెమట, చేతిలో జారిపోతున్న స్క్రూ. అక్క జరిగింది చెప్పింది. మఠంపల్లి పెళ్లివాళ్లకు ఉల్లిపొట్టు రంగు చీర మీదికి గంధం రంగు గుడ్డ ఇచ్చిందట. కుట్టించాక చూసుకుని, పెళ్లికూతురి తల్లి వచ్చి నిండు దుకాణంలో జాకెట్టు బల్ల మీద పడేసి, కళ్లు కనపడని దానివి దుకాణం ఎందుకు పెట్టావని అడిగిందట.

"నా బోర్డుల ఏం లేదక్కా. ఎన్నిసార్లు సూడాలె? ముందు నీ కండ్లు సూపిచ్చుకో పో" అన్నాను.

"సరే తమ్ముడూ" అని పెట్టేసింది. ఆ తర్వాత ఫోన్లు రాలేదు. పీడా వదిలిందనుకున్నాను. అవును, అదే మాట అనుకున్నాను.

నెలన్నర తర్వాత మేళ్లచెరువులో ఒక పని ముగించుకుని కోదాడ చేరేసరికి పొద్దుగూకుతోంది. బస్సుకు ఇంకా టైముంది కదా అని అక్క దుకాణంలోకి వెళ్లాను. నేను కూర్చున్నానో లేదో కరెంటు పోయింది. ఆ రోజుల్లో సాయంత్రం కోత మామూలే. ట్యూబులైట్లన్నీ ఆరిపోయాయి. ఇన్వర్టర్ మీద మిగిలినవి బల్లపైన ఒక చిన్న బల్బు, ఒక ఫ్యాను, నా బోర్డు. బజారంతా చీకటైనా నీ పేరు వెలగాలక్కా అంటూ దాన్ని ఇన్వర్టర్‌కు కలిపింది నేనే.

బల్ల మీది తెల్లగుడ్డ ఎర్రగా అయింది. తర్వాత నీలంగా. మళ్లీ ఎర్రగా. వెలుగు అద్దానికి తగిలి, పట్టీల మధ్య ఖాళీల్లోంచి వెనక్కి తిరిగి దుకాణమంతా పరుచుకుంటోంది. పట్టీల అంచుల నుంచి కూడా కారుతోంది. ఎండ తగ్గాక ఆడవాళ్లు బజారుకొచ్చే వేళ సరిగ్గా అదే. నేను చూడని వేళ కూడా అదే. నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

అప్పుడు గమనించాను, అక్క కళ్లజోడు పెట్టుకుంది.

"ఇదెప్పుడక్కా?"

"నువ్వే సూపిచ్చుకొమ్మంటివి గదా. డాక్టరు పెద్ద తేడా ఏం లేదన్నడు. నేనే పట్టుబట్టి రాపిచ్చుకున్న. ఏ తాను తీసినా ఇదేనా కాదా అని రెండుసార్లు సూసుకుంటున్న తమ్ముడూ."

తప్పు నా బోర్డుదే, నీ కళ్లది కాదని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. "అట్లనా" అంది, అంతే. బోర్డు తీసేయమంది. బాగుచేయకుండా తీయనని మొండికేశాను.

రెండు రోజుల్లో సామాన్లు తెచ్చుకుని మూడు రోజులు అక్కడే ఉన్నాను. పట్టీల వెనక నల్లరంగు పూశాను, వేడికి పెచ్చులూడింది. పట్టీకి అటూ ఇటూ రేకు అంచులు వంచి బిగించాను, పక్కలకు కారేది తగ్గింది గానీ అద్దం నుంచి తిరిగొచ్చేది ఆగలేదు. పట్టీలు అద్దానికి రెండు వేళ్ల దూరంలో ఉన్నాయి, వెలుగంతా ఆ సందులోనే చెదురుతోంది. మళ్లీ అన్నీ విప్పి, బూతులు తిట్టుకుంటూ, అద్దానికి ఆనించి బిగించాను. పెచ్చులూడిన చోట్ల ఆమె అరలోంచే నల్ల లైనింగ్ తీసి అంటించాను. సాయంత్రం చూస్తే దానిగుండా కూడా ఎర్ర ఛాయ కనబడుతోంది.

అక్క దూరం నుంచే అంది, "అది నలుపు కాదు. ముదురు వక్క రంగు. అసలు నలుపు కింది అరల ఉంది."

అది అంటిస్తే వెలుగు ఆగిపోయింది. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. "సూసినవా అక్కా, నీ సూపుకు ఏం కాలే!"

"నలుపుదేముంది తమ్ముడూ" అంది.

మూడో రోజు సాయంత్రం కరెంటు పోయింది. బయట అక్షరాలు ఎర్రగా పరుగెత్తుతున్నాయి, లోపల బల్ల మీది గుడ్డ తెల్లగా ఉంది. నా పని గెలిచింది. అప్పుడే ఒకామె చీర తెచ్చి బల్ల మీద పరిచింది. అక్క ఒక తాను లాగింది. ఆగి, ఇంకోటి లాగింది. కళ్లజోడు తీసింది, మళ్లీ పెట్టుకుంది. రెండూ నా ముందుకు జరిపింది.

"నువ్వే చెప్పు తమ్ముడూ, ఏది కలుస్తది?"

నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని ఎడమవైపుది చూపించాను. అక్క కత్తెర తీసుకుని దాన్నే కత్తిరించింది.