పడని బంతులకూ ఒక గీత

మొన్న ఫోన్‌లో మీ అక్కాతమ్ముళ్ళ పోట్లాట వింటూ కూర్చున్నాను. ఎక్కువ పాయింట్లు కొట్టినవాడే గొప్పని తమ్ముడు. విసిరినవాటిలో తక్కువ పోగొట్టినవాడే గొప్పని అక్క. "నువ్వు చెప్పు అమ్మమ్మా!" అన్నారు. ఆ వేళ చెప్పలేకపోయాను.

పోయినేడు గుంటూరులో నా దగ్గరుండే మీ పెద్దమ్మ కూతుర్ని రోజూ ఆటోలో బాస్కెట్‌బాల్ ప్రాక్టీసుకు తీసుకెళ్ళేదాన్ని. జిల్లా జట్టులో ఒక్క చోటే మిగిలింది. పోటీలో ఇద్దరు: మన పిల్ల, నల్లపాడు నుంచి వచ్చే టైలరుగారి అమ్మాయి. కోచ్ సారు నా చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టారు. "ఎలాగూ కూర్చునే ఉంటారు గదమ్మా, ఈ వారం వీళ్ళిద్దరి లెక్కా రాయండి" అన్నారు.

నాకు వచ్చిన లెక్క మిరప కల్లంలో నేర్చిందే. నిండిన తట్టకొక గీత, అయిదోది అడ్డంగా, అయిదూ కలిసి ఒక కట్ట. అలాగే రింగులో పడ్డ ప్రతి బంతికీ గీత పెట్టాను. వారానికి మన పిల్లవి నాలుగు కట్టలు, ఆ పిల్లవి మూడు.

"అయితే మీ మనవరాలేనమ్మా" అన్నారు సారు. నాకు లోపల ఎంత పొంగిందో!

టైలరుగారి అమ్మాయి నా దగ్గరకొచ్చింది. "అమ్మమ్మా, పడనివి రాయలేదా?"

"పడనివాటికి గీతెందుకే తల్లీ?"

"తను విసిరినన్ని నేను విసిరానా మరి?"

మన పిల్ల ఊరుకుంటుందా! "ఏంటే, నీ చేతులేమన్నా కట్టేశానా? దమ్ముంటే విసురు!"

"విసురుతా. ముందు నువ్వు బంతి వదులు!"

నాకు సిగ్గేసింది. మిర్చి కొనేవాడు బస్తాలు చూసి సరిపెట్టుకోడు. గుప్పెడు కాయలు తీసి అరచేతిలో పరిచి, ఎర్రటివాటిలో తెల్లబారిన తాలు ఎన్నో చూస్తాడు. పుట్టిందగ్గర్నుంచీ చూసిన పని, నా పిల్ల దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

"ఈ లెక్క సగమేనండీ. ఇంకో ఆట చూడనివ్వండి" అన్నాను సారుతో.

మర్నాడు పడనివాటికీ గీతలు పెట్టాను. టైలరుగారి అమ్మాయి పది విసిరితే ఆరు పడ్డాయి, పన్నెండు పాయింట్లు. మన పిల్ల ఇరవై విసిరితే ఎనిమిది పడ్డాయి. వాటిలో రెండు దూరపు గీత అవతలి నుంచి వేసినవి. వాటికి మూడేసి వేసి చూసినా ఇరవైకి మొత్తం పద్దెనిమిదే, ఆ పిల్లకేమో పదికే పన్నెండు. ఆ పిల్లకూ ఇరవై విసిరే వీలుంటే? అలాగే పడేవో, చెయ్యి అలిసి తప్పేవో. ఆ సంగతి నా పుస్తకంలో లేదు. అందుకే మీకూ చప్పున జవాబు చెప్పలేకపోయాను. ఉన్నంతవరకే రాసి సారుకిచ్చాను.

ఆ చోటు టైలరుగారి అమ్మాయికి దక్కింది.

ఆటోలో మన పిల్ల అటు తిరిగి కూర్చుంది. "సొంత మనవరాల్ని ముంచావు గదా అమ్మమ్మా" అంది. మూడు రోజులు నేను పెట్టిన అన్నం పళ్ళెం పట్టుకుని అవతలి గదిలోకి పోయి తింది.

నాలుగో రోజు పొద్దున్నే వచ్చి నా పక్కన కూలబడింది.

"ఎక్కడి నుంచి వేస్తే పోతున్నాయో చూశావా?"

"కుడి మూల నుంచి" అన్నాను.

"ముందే చెప్పొచ్చుగా!"

"అడిగావా నువ్వు?"

బూట్లు వేసుకుంటూ, "పద, ఈ రోజంతా ఆ మూల నుంచే వేస్తా. పోయినవి పోయినట్టే రాయి" అంది.