భోలా కాలికి మేజోడు

పొద్దున్న మా కుక్క భోలా కాలికి వాట్‌గంజ్ సందులో గాజుపెంకు గుచ్చుకుంది. పెంకు తీసి, గాయం కడిగి, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాను. రాసినదంతా నాకేసింది. ఇక లాభం లేదని మా అబ్బాయి ఫుట్‌బాల్ మేజోడు తొడిగాను. వాడి పెద్దకర్మ నాడు బట్టలన్నీ ఇచ్చేశాం. జత లేని ఆ మేజోడొక్కటీ ఎవరూ తీసుకోలేదు.

పక్కింటి రాములమ్మ చూసి నవ్వింది. "ఏటొదినా, కుక్కకి మేజోడా? బూటు కూడా ఎయ్యకపోయినావా?"

"బూట్లు ఇచ్చేసినాం కదా," అన్నాను.

ఆవిడ నవ్వు ఆపేసింది. భోలా మాత్రం సాయంత్రం ఎర్రజెండాల ఊరేగింపు వస్తే దాని ముందు దర్జాగా నడిచింది.

ఇప్పుడు మేజోడు నిండా బురద. మురికిది మళ్లీ తొడిగితే పుండు చీము పడుతుంది. వాడు ఆఖరుసారి ఆడి విప్పినప్పటి నుంచి దాన్ని నేను ఉతకలేదు. మీరైతే ఉతుకుతారా?